సైకోఫిజిక్స్ అంటే కౌన్సెలింగ్ కాదమ్మా

మా చిన్ననాటి స్నేహితుడి కూతురు గుంటూరులో ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్షించే చదువు) చదివింది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "బాబాయ్, మనిషి కంటికి ఎంత కనిపిస్తుంది, చెవికి ఎంత వినిపిస్తుంది అని కొలిచే సైకాలజీ ఉందటగా, అందులో పీజీ చేద్దామనుంది. నాన్నేమో పిచ్చాసుపత్రి చదువు ఎందుకంటున్నారు. అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేయనా, పీహెచ్‌డీకా?" అని అడిగింది. ఇదే సందేహం ఇంకో ఇద్దరు ముగ్గురికీ ఉందని తెలిసి రాస్తున్నాను.

ముందు మీ నాన్న సంగతి. పది కిలోల బియ్యం సంచి మోస్తున్నప్పుడు అందులోంచి ఓ గుప్పెడు తీసేసినా భుజానికి తెలియదు. అదే వంద గ్రాముల పొట్లంలోంచి ఆ గుప్పెడు తీస్తే చెయ్యి వెంటనే పట్టేస్తుంది. బరువుల్లో తేడా తెలియాలంటే సుమారు రెండు శాతమైనా మారాలి. అంటే మనకి తెలిసేది ఎన్ని గ్రాములు మారిందని కాదు, ఎన్నో వంతు మారిందని. జర్మనీలోని లైప్‌జిగ్‌లో వేబర్ అనే శరీరశాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు. అదే ఊళ్లో ఫిజిక్స్ ప్రొఫెసరుగా చేసిన ఫెక్నర్ 1860లో దీనిమీద పుస్తకం రాసి, ఈ శాస్త్రానికి సైకోఫిజిక్స్ అని పేరు పెట్టాడు. మీ నాన్నకి "ఫిజిక్స్ మాస్టారు మొదలుపెట్టిన చదువు" అని చెప్పు, చాలు.

నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. ఈ పీహెచ్‌డీతో అమెరికాలో కౌన్సెలింగ్ చేయడానికి లైసెన్సు రాదు. దానికి రోగులకి చికిత్స చేసే క్లినికల్ సైకాలజీ దారి వేరే. చివరికి ఎలాగోలా ప్రాక్టీసు పెట్టుకోవచ్చులే అనుకుని వస్తే మాత్రం వద్దు.

ఎమ్మెస్సా, పీహెచ్‌డీనా అంటే నేను పీహెచ్‌డీకే మొగ్గుతాను. ఇక్కడ అమెరికాలో, డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. సీటు వస్తే మామూలుగా ఫీజు మాఫీ, పైగా టీఏగానో ఆర్ఏగానో (ప్రొఫెసరుకి పాఠాల్లోనో పరిశోధనలోనో సాయం చేస్తూ) స్టైపెండు. ఎమ్మెస్‌కి చాలాచోట్ల సొంత డబ్బే పెట్టాలి. అప్పు చేసి ఈ సబ్జెక్టులో ఎమ్మెస్ చేయమని నేను ఎవరికీ చెప్పను.

మనవాళ్లు సైకాలజీ డిపార్ట్‌మెంట్లే వెతుకుతారు. ఈ పనిలో సగం "విజన్ సైన్స్" అనే బోర్డు కింద నడుస్తుంది. బర్క్‌లీలో అది ఆప్టోమెట్రీ స్కూల్లోనే ఉంది, నీకు సరిగ్గా సరిపోతుంది. న్యూయార్క్‌లో సునీ (న్యూయార్క్ రాష్ట్ర యూనివర్సిటీ) ఆప్టోమెట్రీ కాలేజీ ఉంది. రోచెస్టర్‌లో విజువల్ సైన్స్ సెంటర్ ఉంది. యూనివర్సిటీ ర్యాంకు చూడకు, ల్యాబ్ చూడు. చాలాచోట్ల నిన్ను తీసుకునేది ఒక ప్రొఫెసరు. ఆయన పేపర్లు రెండు చదివి, అందులో నీకు అర్థంకాని ఒక్క విషయం అడుగుతూ సెప్టెంబరులో మెయిల్ పెట్టు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలెట్టి మార్కులన్నీ ఏకరువు పెట్టే మెయిళ్లు ఎవరూ చదవరు. అప్లికేషన్ల గడువు ఎక్కువగా డిసెంబరులో ఉంటుంది.

ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ పంపే కాగితం) చేతికొచ్చాక కోర్సు పేరు పక్కనుండే సీఐపీ కోడ్ చూడు, అది కోర్సు ఏ విభాగానిదో చెప్పే నంబరు. 42.27తో మొదలయ్యే ప్రయోగాత్మక సైకాలజీ కోడ్‌లు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్నాయి. 42.01 అనే జనరల్ సైకాలజీ లేదు. మొదటి దానికి 12 నెలల ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతి) మీద ఇంకో 24 నెలలు వస్తాయి, రెండోదానికి ఆ 12తో సరి. నాకు తెలిసిన ఒకబ్బాయికి అతని కన్సల్టెన్సీవాళ్లు "సైకాలజీ ఏదైనా ఒకటే" అన్నారు. అతనికి ఈ తేడా ఓపీటీ అప్లై చేసేటప్పుడు తెలిసింది. ఆ టెన్షన్ నీకొద్దు.

ఇక ల్యాబ్‌లో పని. చీకటి గది, గడ్డం ఆనించుకునే స్టాండు, ఎదురుగా బూడిదరంగు తెర. రెండుసార్లు బీప్ మంటుంది. ఏదో ఒక బీప్‌తో మసకగా చారలు వస్తాయి. మొదటిసారా, రెండోసారా నొక్కాలి. అలా వెయ్యిసార్లు. ఆ తెర ముందు మొట్టమొదట కూర్చునేది నువ్వే.

"కనిపించిందా, లేదా" అని నేరుగా అడగొచ్చుగా అనిపిస్తుంది. నేనూ అలాగే మొదలెట్టి మా రూమ్మేటుని కూర్చోబెట్టాను. పాపం, నన్ను నొప్పించడం ఇష్టంలేక ఖాళీ తెరకి కూడా "కనిపించింది రా" అన్నాడు. ఇంకొకడు ఖాయంగా తెలిస్తేగానీ ఒప్పుకోడు. ఇద్దరి కళ్లూ ఒకటే, మొహమాటాలు వేరు. అందుకే రెండు బీపుల్లో ఏదో ఒకటి నొక్కి తీరాలంటారు. ఆ మొహమాటాన్ని, చూపుని విడదీసి లెక్కగట్టడమే సిగ్నల్ డిటెక్షన్ సిద్ధాంతం. గ్రీన్, స్వెట్స్ 1966లో రాసిన పుస్తకం ఇప్పటికీ ల్యాబుల్లో తిరుగుతూ ఉంటుంది. స్టాటిస్టిక్స్, కాస్త ప్రోగ్రామింగ్ రాకపోతే ఇక్కడ ఇబ్బందే.

నా మొదటి రెండు వారాల డేటా చెత్తబుట్టకి పోయింది. తెరకి 0 నుంచి 255 వరకు విలువలుంటే, 128 ఇస్తే సగం వెలుతురు వస్తుందనుకున్నాను. మామూలు మానిటరు నాలుగో వంతు కూడా ఇవ్వదు. వెలుతురు కొలిచే ఫోటోమీటరుతో కొలిచి సరిచేయాలని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కొత్తల్లో అడగడానికి సిగ్గుపడతాం మనం.

ఈలోగా ఇంటి దగ్గర అనుభవం కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్, కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పరిశోధన విభాగం ఉంది. ప్రాజెక్టు కోసం రెండుచోట్లా అడుగు. ఇలాంటి ప్రయోగాలు రాసే సాఫ్ట్‌వేర్ సైకోపై ఉచితమే, ఈ రాత్రే ల్యాప్‌టాప్‌లో వేసుకుని చిన్న ప్రయోగం రాయి. మీ నాన్ననే కూర్చోబెట్టు. "నాకేం కనపళ్లేదే" అని లేచిపోతాడు, వాడి సంగతి నాకు తెలుసు. కనపడకపోయినా ఏదో ఒకటి నొక్కమను.