జేబులో గుచ్చుకున్న సూది సంగతి ముందు తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 34. థ్రిఫ్ట్ స్టోర్‌లో (వాడిన వస్తువులు చవకగా అమ్మే దుకాణం) ప్రొడక్షన్ విభాగంలో పని చేస్తాను. జనం విరాళంగా ఇచ్చిన సంచులు విప్పి, బట్టలు వేరు చేసి, ధర ట్యాగులు వేసి హ్యాంగర్లకు తగిలించడం నా పని. నెల రోజులుగా వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర విపరీతమైన దురద. రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతోంది. ఇది దుమ్ము అలర్జీయా? మంచి క్రీమ్ చెప్పగలరు. పది రోజుల కింద ఒక ప్యాంటు జేబులో ఇంజెక్షన్ సూది గుచ్చుకుంది కానీ అది మానిపోయింది. - ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: దురద గురించి నాలుగు వాక్యాలు రాసి, సూది గురించి చివర్లో ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు కంగారు పుట్టించింది ఆ ఒక్క ముక్కే. ఎవరు వాడారో తెలియని సూది అది. పైన చర్మం మానిపోయింది కాబట్టి లోపల ఏమీ లేదని అనుకోకూడదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉంటుంది, టీకా వేసుకోనివారికి ఆ వైరస్ ఉన్న సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ విషయంలో ఆ అవకాశం చాలా తక్కువ, వైరస్ ఉన్న సూదే అయినా దాదాపు 0.3 శాతం, అందులోనూ ఎప్పుడో పడేసిన సూదైతే ఇంకా తక్కువ. అందుకని టెన్షన్ పడి నిద్ర పాడుచేసుకోవద్దు, కానీ పరీక్ష మాత్రం మానొద్దు.

అదే రోజు వచ్చి ఉంటే ఎంత బాగుండేది! హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు, 28 రోజులు వాడాలి. ఆ గడువు మీకు దాటిపోయింది. దాటింది కదా అని ఇంట్లో కూర్చోకండి. రేపే వెళ్లి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోండి, ఇప్పుడు నెగెటివ్ వచ్చినా అక్కడితో అయిపోదు, 6 వారాలకు, 3 నెలలకు మళ్లీ చేయించమని మీ డాక్టర్ చెప్పవచ్చు. హెపటైటిస్ బి టీకా ఎప్పుడూ వేసుకోకపోతే ఇప్పుడైనా మొదలుపెట్టండి, మామూలుగా మొదటి డోసు తర్వాత నెలకు ఒకటి, 6 నెలలకు ఒకటి. ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ మాట కూడా చెప్పండి. సూది సంగతి సూపర్‌వైజర్‌కు చెప్పి రాయించారా? చాలామంది ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో చెప్పరు.

మళ్లీ ఇలా జరిగితే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడగండి, పిండొద్దు, నోటితో పీల్చొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జేబుల్లోకి ఒట్టి చేయి పెట్టకండి, ముందు పైనుంచే తడిమి, తర్వాత బల్ల మీద తిరగేసి దులపండి. పల్చటి రబ్బరు గ్లౌజులు సూదిని ఆపలేవు, సూది దిగని గ్లౌజులు వేరే ఉంటాయి, అవి అడగండి.

ఇక దురద. చూడకుండా గట్టిగా చెప్పలేను కానీ వేళ్ల సందులు, మణికట్టు, రాత్రిపూట ఎక్కువ కావడం... ఇవన్నీ వింటే దుమ్ము అలర్జీ కన్నా గజ్జి అనుమానమే ముందు వస్తుంది. నేరం సంచుల మీద వేసేయకండి, గజ్జిని కలిగించే సన్నటి పురుగు మనిషి ఒంటిని వదిలితే సాధారణంగా 2, 3 రోజులకు మించి బతకదు, ఎక్కువగా మనిషి నుంచి మనిషికే అంటుకుంటుంది. ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా? మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికే 2 నుంచి 6 వారాలు పడుతుంది, అందుకే గోక్కోనివారికి కూడా ఒకేసారి మందు రాయాల్సి వస్తుంది.

మంచి క్రీమ్ చెప్పమన్నారు. చెప్పను. మీరు ఇప్పుడు రాస్తున్న దాంట్లో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. షాపులో చేతికిచ్చే "అన్నిటికీ ఒకటే" రకం క్రీముల్లో చాలావాటిలో అది ఉంటుంది. రాసిన రెండు రోజులకే దురద చల్లబడుతుంది, మనకేమో నయమైందనిపిస్తుంది, లోపల జబ్బు మాత్రం హాయిగా పెరుగుతుంది, మచ్చల రూపం మారిపోయి చివరికి చూసే డాక్టర్‌కే గుర్తుపట్టడం కష్టమవుతుంది. మీరే కాదు, మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇలా నెలలు పోగొట్టుకున్నాకే వస్తారు, చదువుకున్నవాళ్లు కూడా! ఆ ట్యూబు పారేయకుండా వెంట తీసుకెళ్లి చర్మ డాక్టర్‌కు చూపించండి, ఏం రాశారో దాచకండి.

సంచులు దులిపేటప్పుడు తుమ్ములు, ఆయాసం ఉంటే ఎన్95 మాస్కు వాడండి. గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి, మందుల ఎంపిక దాన్నిబట్టి మారుతుంది.