బెయిల్ వచ్చినా ష్యూరిటీలు దొరక్కపోతే

అన్నా, మీ తమ్ముడికి బెయిల్ వచ్చి పది రోజులైనా, 25,000 రూపాయల చొప్పున పూచీ ఇచ్చే ఇద్దరు ష్యూరిటీలు (జామీనుదారులు) దొరక్క జైల్లోనే ఉన్నాడన్నారు. ఆ డబ్బు ఇప్పుడు కట్టేది కాదండీ. అతను వాయిదాలకు రాకుండా పోతేనే కోర్టు వసూలుకు దిగుతుంది. ఈ సంగతి తెలియకే చాలామంది బంధువులు వెనకాడతారు, విడమరిచి చెప్పండి.

ష్యూరిటీ ఆధార్, ఇంటిపన్ను రసీదు, ఆస్తి విలువ పత్రం ఒరిజినల్స్‌తో స్వయంగా రావాలి. పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఇదివరకు ఎంతమందికి జామీను ఉన్నారో కూడా రాసివ్వాలి.

అయినా కుదరకపోతే, బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 490 కింద నగదు డిపాజిట్‌కు అనుమతి అడగండి. మేజిస్ట్రేటు పెట్టిన మొత్తాన్ని సెక్షన్ 484 కింద సెషన్స్ కోర్టు తగ్గించగలదు. జైల్లో ఉన్నవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్నిస్తుంది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంస్థకు తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. తెలిపారో లేదో రేపే కనుక్కోండి.