మాటలు తక్కువైన మనిషి గురించి రాయబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మేనత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ నాన్న జీవితాన్ని చిన్న పుస్తకంగా రాద్దామని కూర్చుంటే రెండు పేజీలకే కలం ఆగిపోయిందని రాశావు. "ఆయన ఏమీ మాట్లాడేవారు కాదు కదా అత్తయ్యా, ఏం రాయను?" అని అడిగావు. 12 ఏళ్ళ క్రితం మీ తాతగారి గురించి 120 పేజీలు రాసినప్పుడు నాదీ ఇదే అవస్థ. ఆయన మౌనాన్ని చూసి భయపడి, ఖాళీ ఉన్నచోటల్లా ఆయన చేత మాట్లాడించాను. మీ నాన్న ఆ రాతప్రతిని మూడు రోజులు దగ్గర పెట్టుకుని, తిరిగి ఇస్తూ ఒక్క మాట అన్నాడు: "నాన్న ఇలా మాట్లాడేవాడు కాదక్కా." అంతకు మించి ఏమీ అనలేదు. నేను కల్పించిన మాటలన్నీ కొట్టేస్తే మిగిలినవి 70 పేజీలు. అందుకని నీకు చెప్పవలసిన మొదటి మాట ఇదే. అతను అనని మాటను అతని నోట పెట్టవద్దు, నీకు ఎంత ఇష్టమైన మాటైనా సరే.

నువ్వు పంపిన రెండు పేజీలూ చదివాను. మితభాషి, సౌమ్యుడు, నిగర్వి, అజాతశత్రువు అని రాశావు. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పత్రికల్లో వచ్చే ప్రతి సంతాప ప్రకటనలోనూ ఈ మాటలే ఉంటాయి, అక్కడ పేరు మార్చినా చెల్లిపోతాయి. ఒక్కొక్క విశేషణాన్నీ పట్టుకుని, ఏ పని చూసి నీకు ఆ మాట తోచిందో గుర్తు చేసుకుని, ఆ పనిని రాయి. పని గుర్తుకు రాకపోతే విశేషణాన్ని వదిలేయి. మీ నాన్న 31 ఏళ్ళు ఆ చిన్న ఊరి వాటర్ వర్క్స్‌లో పంపు ఆపరేటరుగా పనిచేశాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వెళ్ళి వాల్వు తిప్పేవాడు. ఆరింటికి కుళాయి విప్పినవాళ్ళలో ఎవరికీ అతను గుర్తుకు వచ్చేవాడు కాదు, నీళ్ళు రాని రోజున తప్ప. "నిగర్వి" అన్న మాట కంటే ఈ సంగతి అతని గురించి ఎక్కువ చెబుతుంది.

మనుషులను అడగడానికి ముందు వస్తువుల దగ్గరికి వెళ్ళు. అమ్మ అతని బీరువా సర్దకముందే ఒక్కొక్క అరనూ, ఒక్కొక్క సొరుగునూ ఉన్నది ఉన్నట్టుగా ఫోటో తీసుకో. ఏ వస్తువు పక్కన ఏది పెట్టుకున్నాడన్నదీ ఒక సమాచారమే, ఒకసారి సర్దితే అది మళ్ళీ దొరకదు. ఆఫీసు లాగ్ బుక్కులు ఆఫీసువి. కానీ అతను సొంతానికి రాసుకున్న జేబు నోటు పుస్తకాలు ఇంట్లో ఉండి తీరాలి. మోటారు ఎన్నింటికి వేసిందీ, వోల్టేజి ఎంత ఉన్నదీ, ట్యాంకులో నీళ్ళు ఎన్ని అడుగులు ఉన్నదీ, అన్నీ అంకెలే కనిపిస్తాయి, విసుగు పుడుతుంది. అయినా ఏదో ఒక నెలను ఒకటో తేదీ నుంచి చివరి దాకా వరసగా చదువు. ఆ వరసలో ఎక్కడో అంకె కాని వాక్యం ఒకటి తగులుతుంది. అలాంటిది నేను ఒకటి చూశాను: "వాన. బాబుకు జ్వరం. మోటారు 20 నిమిషాలు ఆలస్యం." ఆ బాబువి నువ్వే. చదివిన పుస్తకాల్లో గీతలు గీసుకున్న చోట్లూ, మడిచిన పేజీలూ, రాసి పంపకుండా ఉంచుకున్న ఉత్తరాల చిత్తులూ కూడా చూడు. ఆలోచనాపరుడు ఆలోచనలను మాటల్లో పెట్టకపోయినా, ఇలాంటి చోట్ల వదిలి వెళతాడు.

కాగితాల విషయంలో కొద్దిపాటి జాగ్రత్త చాలు. ఫోటోల వెనుక బాల్‌పెన్నుతో రాయకు, ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది. మెత్తటి పెన్సిలుతో అంచున తేలికగా రాయి, పెన్సిలు అంటని నున్నటి కాగితమైతే విడిగా కవరు మీద రాసి ఫోటోను అందులో పెట్టు. సెల్లోటేపు అంటించకు, లామినేషన్ చేయించకు, జిగురు పేజీల ఆల్బముల్లో ఉంచకు. చిన్న ఫోటోలను కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేసి, అసలు ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచు. సిరా లేకుండా వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితం రశీదులు ఏమైనా ఉంటే ముందు వాటి నకలు తీసుకో, వాటి మీది అక్షరాలు కొన్నేళ్ళకే వెలిసిపోతాయి.

ఇక మనుషులు. అందరికంటే పెద్దవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళు, కారణం చెప్పనక్కరలేదు. ఒక్కొక్కరితో గంట, మహా అయితే గంటన్నర. అనుమతి అడిగి ఫోనులో రికార్డు చెయ్యి. ఫ్యాను ఆపించి, ఫోనును ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, తేదీ, చెబుతున్నవారి పేరు మొదట్లోనే నీ గొంతుతో పలుకు. "ఆయన ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచివాడు బాబూ" అన్న జవాబు వస్తుంది, అక్కడితో సరి. "ఆయన చివరిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నారు?", "కోపం వస్తే ఏం చేసేవారు?", "మీరిద్దరూ నడుస్తుంటే ఎవరు ముందు నడిచేవారు?" అని అడుగు. జవాబు అయిపోయిందనిపించాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకు, మనసులో పది లెక్కపెట్టు. నాకు దొరికిన విలువైన సంగతులన్నీ ఆ పది అంకెల మధ్యనే దొరికాయి. మీ నాన్నతో కలిసి పనిచేసిన ఫిట్టరును తప్పక కలుసుకో. పక్కన నిలబడి ఏళ్ళ తరబడి పనిచేసినవారికి తెలిసినంత, తోబుట్టువునైన నాకు కూడా తెలియదు.

విన్నదాన్ని విన్నట్టే నమ్మేయకు. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొందరి చేత వారికి పరిచయం లేని ఒక జానపద కథను చదివించి, కొంతకాలం గడిచాక మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. చెప్పిన కొద్దీ కథ కురచ అయింది, వింతగా ఉన్న వివరాలు రాలిపోయాయి, సీల్ జంతువుల వేట కాస్తా చేపలు పట్టడంగా మారిపోయింది. ఎవరూ అబద్ధమాడలేదు, జ్ఞాపకం చేసే పనే అది. మన ఇంట్లో అందరూ పదే పదే చెప్పుకునే కథలే ఇలా బాగా అరిగిపోయి ఉంటాయి. అందుకని ప్రతి సంగతి పక్కనా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసుకో. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచు, నువ్వు తీర్పు ఇవ్వవద్దు. ఇంకొక సంగతి. నడివయసు దాటినవారికి 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవి మిగతా కాలం కంటే ఎక్కువగా జ్ఞాపకం ఉంటాయని పరిశోధకులు గమనించారు. అందుచేత అమ్మ పెళ్ళైన కొత్తలోని సంగతులు చక్కగా చెబుతుంది, ఆ తరువాతి పాతికేళ్ళూ "ఏముంది, మామూలే" అనేస్తుంది. కానీ మీ నాన్న జీవితమంతా ఆ "మామూలే"లో ఉంది. ఆ కాలానికి నోటు పుస్తకాలూ, జీతం కాగితాలూ, నీ బడి రికార్డులూ దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క సంవత్సరం చూపించి అడగాలి. ఓపిక అంతా అక్కడ ఖర్చుపెట్టు.

అతని లోపాలు కూడా రాయి. మా అమ్మకు చివరి జబ్బు చేసినప్పుడు మీ నాన్న 11 రోజులు నాకు కబురు చేయలేదు. నన్ను కంగారు పెట్టకూడదనుకున్నాడు. నేను వచ్చేసరికి అమ్మకు నన్ను గుర్తుపట్టే స్థితి లేదు. ఆ సంగతి గురించి అతను ఎన్నడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అతని మౌనం ఇతరులకు నెమ్మదిని ఇచ్చింది, కొన్నిసార్లు గాయమూ చేసింది. ఇది నా పేరుతోనే రాయి, నాకు అభ్యంతరం లేదు. మీ అమ్మ మాత్రం వద్దన్నది ఏదైనా ఉంటే, అది ఎంత అందమైన ఘట్టమైనా వదిలేయి. ఆమె అతనితో గడిపిన జీవితం ఆమెది కూడా.

రాయడం పుట్టిన తేదీతో మొదలుపెట్టకు. ఒక మామూలు రోజును తీసుకుని, నాలుగున్నర గంటల చీకటి నుంచి రాత్రి దీపం ఆర్పే దాకా, నీకు రుజువున్నంత వరకే రాయి. ఆ రోజు స్థిరంగా నిలబడితే మిగిలిన జీవితం దాని చుట్టూ వచ్చి చేరుతుంది. అతను ఏమనుకున్నాడో తెలియని చోట "ఏమనుకున్నాడో నాకు తెలియదు" అని రాసి ముందుకు సాగు. 40 పేజీలు వస్తే 40 పేజీలే చాలు. యూనికోడ్‌లో టైపు చెయ్యి, పాత ఫాంట్లలో రాసినవి మరో కంప్యూటరులో పిచ్చిగీతలుగా కనిపిస్తాయి. మొత్తం సామగ్రిని మూడు ప్రతులుగా, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉండేటట్టు దాచు. ఆ వేరే ఊరి ప్రతి నా దగ్గర ఉంచవచ్చు.

అతను నాకు రాసిన ఉత్తరాలు 14 ఉన్నాయి. అన్నీ పోస్టుకార్డులే, చాలావాటిలో మూడు వాక్యాలకు మించి లేవు. నకళ్ళు తీయించి ఈ వారంలో పంపుతాను. ఆదివారం ఉదయం, అమ్మ అలసిపోకముందే ఆమెతో మొదలుపెట్టు. ఆమె తరువాత నా దగ్గరికి రా. నేను ఒక్క పట్టున అరగంట కంటే మాట్లాడలేకపోతున్నాను కాబట్టి రెండు రోజులు ఉండేటట్టు రా.

మీ మేనత్త