ఏడో స్థానంలో ఉన్న జట్టు కప్పు గెలవడం న్యాయమేనా?

మీరు అడిగింది ఇది: ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగులో (ఇది సాకర్ కాదు, ‘ఫుటీ’ అనే వేరే ఆట) 2016లో పట్టికలో ఏడో స్థానంలో నిలిచిన వెస్టర్న్ బుల్‌డాగ్స్ కప్పు ఎగరేసుకుపోయింది, మొదటి స్థానంలో ఉన్న సిడ్నీకి ఇది అన్యాయం కాదా అని. ఐపీఎల్ ప్లేఆఫ్‌లతో పోల్చారు కూడా. ఐపీఎల్ సంగతి వేరేవాళ్లు చెబుతారు. 2016 సంగతి నేను చెప్పగలను. ఆ ఏడు నేను మెల్‌బోర్న్ పడమటి వైపున, బుల్‌డాగ్స్ సొంత ఊరైన ఫుట్‌స్క్రేలో, ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని చేసేదాన్ని.

అన్యాయం ఎంతమాత్రం కాదు. ఏడో స్థానం అనగానే మన కళ్లకు ఏదో అడుగున పడి ఉన్న జట్టు కనిపిస్తుంది. లెక్క చూడండి. 22 మ్యాచ్‌లలో సిడ్నీ, జీలాంగ్, హాథార్న్ తలా 17 గెలిచాయి. వాటి వెనక మూడు జట్లు 16 చొప్పున గెలిచాయి. బుల్‌డాగ్స్ 15. ఎనిమిదో స్థానంలో ఉన్న నార్త్ మెల్‌బోర్న్ 12. అంటే శిఖరానికీ మా జట్టుకూ మధ్య ఉన్నది రెండే రెండు మ్యాచ్‌లు, కింది మెట్టుతో ఉన్నది మూడు. పైగా ఆ తర్వాత మొదటి ఎనిమిది జట్లు కప్పు కోసం ఆడే ఫైనల్స్‌లో, మొదటి నాలుగింటికి ఒకసారి ఓడినా మరో అవకాశం ఉండేది. ఐదు నుంచి ఎనిమిది వరకు ఉన్నవాళ్లు ఒక్కటి ఓడితే ఇంటికే. సౌకర్యమంతా పైవాళ్లకు ఇచ్చి, కష్టమంతా కిందివాళ్లకు పెట్టి, అయినా కిందివాళ్లే గెలిస్తే అన్యాయం అనడమేమిటి?

ఆ కష్టం ఎలాంటిదో కూడా చెబుతాను. మొదట దేశానికి అటు చివర ఉన్న పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ను 47 పాయింట్ల తేడాతో ఓడించారు. తర్వాత 2013, 2014, 2015 వరుసగా మూడేళ్లు ఛాంపియన్ అయిన హాథార్న్‌ను 23 పాయింట్లతో పంపేశారు. ఆ తర్వాత పశ్చిమ సిడ్నీలో జెయింట్స్ సొంత మైదానంలో 6 పాయింట్లతో బయటపడ్డారు. చివరికి అక్టోబరు 1న సిడ్నీతో కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్, గ్రాండ్ ఫైనల్. సీజన్ మొత్తం గాయాలే. కెప్టెన్ బాబ్ మర్ఫీకి మూడో రౌండులోనే మోకాలి లిగమెంట్ తెగింది. 18వ రౌండులో ఒకే మ్యాచ్‌లో మిచ్ వాలిస్ కాలు విరిగింది, జాక్ రెడ్‌పాత్ మోకాలు పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. ఫైనల్స్‌కు ముందు ఒక వారం విరామం ఆ ఏడాదే మొదలైందని, గాయపడినవాళ్లు కోలుకోవడానికి అది బుల్‌డాగ్స్‌కు అదృష్టంగా కలిసొచ్చిందని ఇప్పటికీ అంటూ ఉంటారు. ఆ విరామం బుల్‌డాగ్స్ అడిగి పెట్టించుకున్నది కాదు. అంతకు ముందు ఏడాది ఫ్రీమాంటిల్, నార్త్ మెల్‌బోర్న్ జట్లు చివరి రౌండులో ముఖ్యమైన ఆటగాళ్లను కూర్చోబెట్టి ఆడితే, మళ్లీ అలా జరగకూడదని లీగు పెట్టిన నియమం అది. ఎనిమిది జట్లూ అదే వారం విశ్రాంతి తీసుకున్నాయి. ఒక్క మా వాళ్లే దాన్ని దొంగిలించినట్టు మాట్లాడితే ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మేము చూసుకునే వాళ్లలో 84 ఏళ్ల పెద్దావిడ ఒకరు ఉండేవారు. 1954లో బుల్‌డాగ్స్ తమ మొదటి కప్పు గెలిచిన రోజు ఆవిడకు 22 ఏళ్లు, మైదానంలో నిలబడి చూశారట. అప్పట్లో జట్టు పేరు ఫుట్‌స్క్రే. మెల్‌బోర్న్ జట్టు మీద 51 పాయింట్ల గెలుపు. 1961లో మరోసారి గ్రాండ్ ఫైనల్‌కు వెళ్లి హాథార్న్ చేతిలో ఓడారు. ఆ తర్వాత 1985, 1992, 1997, 1998, 2008, 2009, 2010. ఈ ఏడు సంవత్సరాలనూ ఆవిడ అమావాస్య తిథుల్లా వరుసగా చెప్పేవారు. ఏడుసార్లూ గ్రాండ్ ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద ఆగిపోయారు. 1997లో సగం ఆట అయ్యేసరికి ఎంతో ముందుండి, చివరికి అడిలైడ్ చేతిలో 2 పాయింట్లతో ఓడినప్పుడు ఆవిడ ఒట్టు పెట్టుకున్నారు, ఫైనల్స్ ఇక కళ్లతో చూడనని. తాను చూడకపోతే గెలుస్తారన్న నమ్మకమేమీ లేదు. చూసి తట్టుకునే శక్తి లేదు, అంతే.

గ్రాండ్ ఫైనల్ రోజు మధ్యాహ్నం నా డ్యూటీ. ఆట రెండున్నరకు. హాలులో టీవీ చుట్టూ అందరినీ కూర్చోబెట్టాము. ఆవిడ మాత్రం చక్రాల కుర్చీని కిటికీ వైపు తిప్పించుకుని బ్రేకులు వేయించుకున్నారు. మెడలో తానే అల్లుకున్న ఎరుపు, తెలుపు, నీలం స్కార్ఫు. తెల్ల చారలు పసుపు తిరిగిపోయాయి, ఒక చివర కుచ్చులు ఊడిపోయాయి. టీవీ చూడనన్నారు గానీ, ఏం జరుగుతోందో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో నేనే అయ్యాను.

నాకు అప్పటికి ఆట సరిగా తెలియదు. దేశానికి వచ్చి రెండేళ్లు. నడి స్తంభాల మధ్య నుంచి తన్నితే 6 పాయింట్లని, పక్క స్తంభాల మధ్య పడితే 1 అని మాత్రం తెలుసు. ఆవిడ కిటికీలోంచి కార్లు నిలిపే చోటునూ, దాని అవతల రైలు పట్టాలనూ చూస్తూ అడిగేవారు: “బంతి ఎవరి దగ్గరుంది, తల్లీ?” ఆవిడ వాడిన ఇంగ్లీషు మాటకు మన భాషలో ‘తల్లీ’ అన్నదే దగ్గర. నేను చెప్పేదాన్ని: “మనవాళ్ల దగ్గర. హెల్మెట్ పెట్టుకున్న పొట్టి అబ్బాయి దగ్గర.” “కేలెబ్ డేనియల్. ఆ తర్వాత?” పేర్లు నాకు తెలియకపోయినా గుర్తులు చెబితే చాలు, ఆవిడ పేరు అందించేవారు. అలా నాలుగు క్వార్టర్లలో ఇరవై రెండు మందిలో చాలామంది నాకు చుట్టాలైపోయారు.

సగం ఆటకు సిడ్నీ 2 పాయింట్లు ముందు. మూడో క్వార్టర్ ముగిసేసరికి మేము 8 ముందు. ఆవిడ చేతిలో టీ చల్లారిపోయి మీగడ కట్టింది, తాగనూ లేదు, తీసుకెళ్లనివ్వనూ లేదు. చివరి క్వార్టర్‌లో మా జేసన్ జొహానిసెన్ దూరం నుంచి తన్నిన గోలుకు హాలంతా కేక పెట్టింది. మళ్లీ వీడియోలో చూసి, బంతికి ఎవరి చేయో తగిలిందని గోలు రద్దు చేశారు. అది ఆవిడకు ఎలా చెప్పాలో నాకు నోరు రాలేదు. నా మౌనాన్ని బట్టే గ్రహించి “తీసేశారా?” అన్నారు. అవునన్నాను. తల ఊపారు.

కాసేపటికి సిడ్నీ ఆటగాడు ఫ్రాంక్లిన్‌ను మా డేల్ మోరిస్ పట్టి పడేశాడు. మోరిస్ ఆ రోజు వెన్నెముకలో పగుళ్లతోనే ఆడాడని తర్వాత బయటపడింది. బంతి జారి మా టామ్ బాయిడ్‌కు దొరికింది. చాలా దూరం నుంచి తన్నాడు. “ఎవరు తన్నారు?” “ఆ ఎత్తు అబ్బాయి.” “పట్టుకునేది ఎవరు?” “ఎవరూ లేరు. బంతి ఒక్కటే వెళ్తోంది.” “ఒక్కటే అంటే?” “నేల మీద ఎగిరింది. మళ్లీ ఎగిరింది. ఎవరూ లేరండీ, స్తంభాల దగ్గర ఎవరూ లేరు...” నేను వాక్యం పూర్తి చేయకుండానే నా వెనక హాలు దద్దరిల్లింది. ఆవిడ రెండు చేతులతో బ్రేకులు తడుముకుంటున్నారు. నేను వంగి తీశాను. కుర్చీ టీవీ వైపు తిప్పాను. 1997 తర్వాత ఆవిడ ఫైనల్స్ చూడడం అదే మొదలు. మిగిలిన కొద్ది నిమిషాలూ రెప్ప వేయలేదు. 89–67. అరవై రెండేళ్ల తర్వాత రెండో కప్పు.

తర్వాత పతకాలు ఇచ్చారు. గెలిచిన జట్టు కోచ్‌కు ప్రత్యేకంగా ఒక పతకం ఇస్తారు. కోచ్ లూక్ బెవరిడ్జ్ దాన్ని తీసుకుని, ఆట ఆడలేకపోయిన మర్ఫీని వేదిక మీదకు పిలిచి అతని మెడలో వేశాడు. మర్ఫీ 2000 నుంచి ఈ జట్టులో ఉన్నాడు. 2008, 2009, 2010 ఓటముల్లోనూ ఉన్నాడు. ఆ ఒక్క రోజు మాత్రం బయట కూర్చోవలసి వచ్చింది. తర్వాత అతను ఆ పతకాన్ని తిరిగి ఇచ్చేశాడనుకోండి, అది అతని మర్యాద. ఆ నిమిషంలో మాత్రం పెద్దావిడ నా చేయి వెతుక్కుని గట్టిగా పట్టుకున్నారు. గోలుకు రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.

పట్టికను చూసి న్యాయం తూచేవాళ్లకు ఇదంతా కనబడదు. 1989లో ఈ జట్టును ఫిట్జ్‌రాయ్‌తో కలిపేస్తామని లీగు ప్రకటిస్తే, ఊరి జనం డబ్బాలు పట్టుకుని వీధుల్లో చందాలు వసూలు చేసి, కోర్టుకు వెళ్లి ఆపించుకున్నారు. మా పెద్దావిడ కూడా ఒక దుకాణం ముందు డబ్బా పట్టుకుని నిలబడినవారే. అలాంటి జట్టును పట్టికలో ఏడో గడిగా చూడడం నాకు చేతకాదు.

మన తెలుగువాళ్ల గురించి కూడా ఒకటి అనాలి. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ చుట్టుపక్కల మనవాళ్లు కొల్లలు. ఇవన్నీ బుల్‌డాగ్స్ వైపు ఊళ్లే. అయినా విందుల్లో స్థలాల ధరలు, వడ్డీ రేట్లు, క్రికెట్ తప్ప మాట రాదు. పిల్లలు ఫుటీ జెర్సీ అడిగితే ఆ ఏడాది ఎవరు గెలుస్తుంటే వాళ్లది కొనిపెడతారు. ఇంటి పక్క గుడి వదిలేసి ఊరవతల గుడికి వెళ్లినట్టుంటుంది నాకు. అలాగే గ్రాండ్ ఫైనల్ టికెట్లు. లక్షమంది పట్టే మైదానంలో ఆడే రెండు జట్ల సభ్యుల వాటా కలిపినా సగం ఉండదు. ఏడాదంతా వానలో తడిసినవాళ్లు ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే, మిగతావి ఎవరెవరికో పోతాయి. మీరు అన్యాయం కోసమే వెతుకుతుంటే అక్కడ వెతకండి.

2021లో బుల్‌డాగ్స్ మళ్లీ గ్రాండ్ ఫైనల్‌కు వచ్చారు, ఈసారి ఐదో స్థానం నుంచి. పెర్త్‌లో ఆట. ప్రత్యర్థి పట్టికలో మొదటి స్థానంలో ఉన్న మెల్‌బోర్న్. మూడో క్వార్టర్‌లో మేము 19 పాయింట్లు ముందున్నాము. చివరికి 74 పాయింట్లతో ఓడిపోయాము. అప్పటికి పెద్దావిడ లేరు. నేను మా ఇంట్లో సోఫాలో, టీవీకి ఎదురుగా కూర్చుని చివరి సైరన్ దాకా చూశాను. ఆవిడలాగే కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని ఉండవలసింది.