నాకు ఫుట్‌పాత్ వద్దు, ఆ వెదురు బొంగు కావాలి

"సూర్యలంక లాంటి చిన్న తీరప్రాంత ఊళ్లలో ఫుట్‌పాత్‌లు కట్టిస్తే నడిచేవాళ్లకు భద్రత వస్తుందా?" అని అడిగారు.

రాదు. నన్నడిగితే అక్కడ ఫుట్‌పాత్ కట్టడమే దండగ. ఇంత గట్టిగా చెప్పడానికి నేనేమీ ఇంజినీరును కాను. గుంటూరులో టపా పంచి పదవీ విరమణ చేసిన మనిషిని. సైకిలు ఉండేది గానీ, బ్రాడీపేటలో దాన్ని స్టాండు వేసి తీసే లోపు నాలుగు ఇళ్లు నడిచిపోవచ్చు. 4వ లైను, 14వ అడ్డరోడ్డు అని లెక్క ప్రకారం కట్టిన పేట అది, నడిచేవాడికి వరం. కాబట్టి రోడ్డు గురించి నా కాళ్లకు తెలిసినంత చాలా కంప్యూటర్లకు కూడా తెలియదనే నా నమ్మకం.

2024 కార్తీక పున్నమి నాటి సంగతి చెబుతాను. మా అక్కకు అప్పటికి 69 ఏళ్లు. మోకాళ్లు రెండూ అరిగాయి, మాట మాత్రం అరగలేదు. సముద్రస్నానం చేయాలని పట్టుబట్టింది. 2022లో జిల్లాలు విడగొట్టి బాపట్లను వేరే జిల్లా చేశారు గానీ, గుంటూరు వాళ్లకు సముద్రమంటే ఇప్పటికీ సూర్యలంకే. చీకటితోనే బస్సెక్కి, పొన్నూరు మీదుగా బాపట్ల చేరి, అక్కడ షేర్ ఆటో పట్టుకున్నాం. బాపట్ల నుంచి తీరం తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది. అందులో ఏడు పోయామో లేదో ఆటో ఆగిపోయింది.

రోడ్డుకు అడ్డంగా రెండు నీలం డ్రమ్ములు, వాటి మీద ఒక వెదురు బొంగు, బొంగుకు వేలాడే ఎర్ర గుడ్డ ముక్క. అంతే. జనం ఎక్కువగా ఉన్నారు కాబట్టి బండ్లు ఇక్కడి నుంచి పోకూడదన్నారు. ఆటో అతను ఎవరినో తిట్టుకుంటూ డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. అక్క నా వైపు తిరిగి, "సముద్రానికని చెప్పి నన్ను తిరుమల మెట్లు ఎక్కిస్తున్నావురా?" అంది.

తప్పదు కాబట్టి నడక మొదలుపెట్టాం. నాలుగు అడుగులు వేశాక అర్థమైంది, రోడ్డు మొత్తం మాదే. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మనుషులే. పిల్లలు నడిమధ్యలో పరుగులు పెడుతున్నారు, వెనక్కి లాగే తల్లి ఒక్కతె లేదు. రెండు పక్కలా సరుగుడు తోటలు, గాలికి వాటి చప్పుడు వినిపిస్తోంది. ఈ రోడ్డు మీద నేను చాలాసార్లు వెళ్లాను గానీ సరుగుడు చప్పుడు వినడం అదే మొదటిసారి.

ఆ ఊరి మనిషి ఒకామె మాకు తోడు కలిసింది. ఉపవాసాల వాళ్లకు అమ్ముకోవడానికి ఉడకబెట్టిన చిలగడదుంపల గంప నెత్తిన పెట్టుకుంది. నెత్తిన బరువు ఉన్న మనిషిని మీరు ఎప్పుడైనా దగ్గరగా గమనించారా? మెడ తిరగదు. పక్కకు చూడాలంటే భుజాలు, నడుము, కాళ్లు అన్నీ కలిపి తిప్పాలి, ఒక చిన్న తలుపు తిరిగినట్టు. అక్క ఏదో అడిగితే ఆమె ముందుకే చూస్తూ జవాబు చెప్పింది. "ఆదివారాలైతే ఇట్లా నడవలేమమ్మా. వెనక హారన్ కొడతారు. దిగుదామంటే ఇసుక. గంపతో ఇసుకలో పది అడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తాయి."

అప్పుడు చూశాను రోడ్డు అంచు. పక్కనున్న ఇసుక గాలికి, వానకు జారిపోయి, ఆ అంచు జానెడు ఎత్తున నిలబడి ఉంది. దిగిన గంప మళ్లీ ఎక్కాలంటే ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. ఆదివారం హారన్ కొట్టేది ఎవరో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. గుంటూరు, విజయవాడ నుంచి వచ్చేవాళ్లమే కదా.

అక్క రెండు కిలోమీటర్లూ నడిచింది. గంట పట్టింది, అందులో సగం కబుర్లకే. ఒక్కసారి కూడా కూర్చుంటానని అనలేదు. స్నానం చేసింది, అరటి దొప్పలో దీపం వదిలింది, తడి చీర పిండుకుని సంచిలో పెట్టుకుంది.

పదకొండు దాటాక తిరుగు ప్రయాణం. ఈలోగా జనం పలచబడ్డారని బొంగు తీసేసినట్టున్నారు. కార్లు రెండు వరుసలుగా వస్తున్నాయి, వాటి సందుల్లోంచి మోటారు సైకిళ్లు. అదే రోడ్డు, అవే మోకాళ్లు. కానీ పొద్దున కబుర్లు చెబుతూ నడిచిన మనిషి ఇప్పుడు నా చొక్కా వెనక పట్టుకుని, మాట లేకుండా, ఆ జానెడు అంచు మీద తాడు మీద నడిచినట్టు నడుస్తోంది. ఒక బండి హ్యాండిల్ ఆమె సంచి కాడకు తగులుకుంది. రెండు అడుగులు లాక్కుపోయి ఇసుకలో పడేసింది. ఎడమ మణికట్టు అప్పటికప్పుడే ఉబ్బిపోయింది.

ఆ కుర్రవాళ్లు చెడ్డవాళ్లు కారు. బండి ఆపారు, మంచినీళ్లు ఇచ్చారు, బాపట్ల దాకా మా ఆటో వెనకాలే వచ్చారు. కానీ మొదట అన్న మాట ఏమిటో తెలుసా? "మామ్మగారూ, చూసుకుని నడవాలి కదండీ." ఇసుకలో కూర్చునే అక్క జవాబు చెప్పింది: "వెనక కళ్లు లేవు నాయనా. ముందున్నవే సరిగా కనబడవు." నా తుండుగుడ్డతో చెయ్యి మెడకు కట్టాను. ఆరు వారాలు కట్టు.

ఇప్పుడు లెక్క చూడండి. పొద్దున ఆరింటికీ పదకొండింటికీ మధ్య ఆ రోడ్డుకు ఎవరూ ఫుట్‌పాత్ కట్టలేదు, ఉన్న ఫుట్‌పాత్ పీకనూ లేదు. మారింది ఒక్క వెదురు బొంగు. ఇంతకంటే పెద్ద పరిశోధన నాకు అక్కర్లేదు.

"చూసుకుని నడవాలి" అనే మాట మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు. బడిలో పిల్లలకు అదే, ఇంట్లో ముసలివాళ్లకు అదే. బండి నడిపేవాడికి "చూసుకుని నడపాలి" అని అంత తీరిగ్గా చెప్పేవాళ్లు ఎందరు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. కేంద్ర రవాణా శాఖ లెక్కే ఇది. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. ఆ ముప్పై రెండు వేల మందీ చూసుకోకుండానే నడిచారా?

ఇక ఫుట్‌పాత్ అంటే నాకు ఎందుకు పడదో చెప్పాలి. ప్రశ్నకు కొంచెం దూరం పోతున్నానని తెలుసు, ఓపిక పట్టండి. మన ఊళ్లలో చాలాచోట్ల కట్టేది ఫుట్‌పాత్ కాదు, మురుగుకాలువకు మూత. కాలువ తవ్వుతారు, పైన సిమెంటు పలకలు పరుస్తారు, దానికే ఫుట్‌పాత్ అని పేరు. అందుకే దాని ఎత్తు మనిషి కాలును బట్టి ఉండదు, కాలువ గోడను బట్టి ఉంటుంది. రోడ్లు ఎలా కట్టాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ప్రమాణాల ప్రకారం అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు, నడవడానికి అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మా వీధి చివర నేను టేపు పట్టి కొలిచాను. ఎత్తు 38 వచ్చింది. వెడల్పు కొలవడం కుదరలేదు, ఎందుకంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది.

పైగా మూత అన్నాక తీయాలి కదా. వానలకు ముందు పూడిక తీయడానికి పలకలు లేపుతారు. తీసిన నల్లటి పూడికను పక్కనే కుప్ప పోసి ఆరబెడతారు. తిరిగి పెట్టేటప్పుడు ఒక పలక ఎగుడు, ఒకటి దిగుడు, ఒకటి అసలు ఉండదు. లేనిచోట ఎవరో పుణ్యాత్ములు ఒక కొమ్మ గుచ్చి పోతారు, అదే హెచ్చరిక బోర్డు. వీటన్నిటి మధ్య ప్రతి గేటు ముందూ కారు ఎక్కడానికి ఒక ర్యాంపు. ఎక్కి దిగి, ఎక్కి దిగి నడవడం కంటే రోడ్డు మీద నడవడమే నయమని మా పేటలో కుక్కలకు కూడా తెలుసు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం, అంటే జీవించే హక్కు, కిందకే వస్తుందని చెప్పింది. సంతోషం. ఆ వార్త చదివిన రోజు సాయంత్రం పాల ప్యాకెట్‌కు బయలుదేరితే, నా హక్కు మీద ఎవరో సరకుల ఆటో నిలిపి ఉంచారు.

ఈ మూతల సంస్కృతిని సూర్యలంకకు కూడా పంపుదామా? ఇసుక నేల, కొన్నాళ్లకే కింద ఇసుక జారి పలకలు ఒరుగుతాయి. వాటి మీద ఆదివారానికి మొక్కజొన్న పొత్తుల బండ్లు, కొబ్బరిబోండాల కుప్పలు చేరతాయి. ఆ గంప మనిషి మళ్లీ రోడ్డు మీదికే వస్తుంది. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల బతుకుతెరువు అది. కానీ ఖర్చు పెట్టింది ఎవరి కోసం?

విజయవాడలో సాయంత్రం ఆరు తర్వాత బీసెంట్ రోడ్డుకు వెళ్లి చూడండి. జనం, తోపుడుబండ్లు, బేరాలు. దారి తప్పి ఏదైనా బండి లోపలికి వచ్చినా నత్తలా పాకాల్సిందే, కాబట్టి ఎవరికీ భయం లేదు. అదే బెంజి సర్కిల్ దగ్గర పైన ఫ్లైఓవర్లు, కింద రోడ్లు, అన్ని హంగులూ ఉన్నాయి. అక్కడ రోడ్డు దాటడానికి నేను ఇప్పటికీ ఎవరైనా కాలేజీ పిల్లల గుంపు కోసం ఆగుతాను. వాళ్లు కదిలితే నేను కదులుతాను.

"కార్లు ఆపితే సందర్శకులు రారు, వ్యాపారం పోతుంది" అంటారు. ఆ పున్నమి నాడు చిలగడదుంపల గంప తీరం చేరకముందే సగం ఖాళీ అయింది, నేను కళ్లారా చూశాను. కార్లో పోయేవాడు దారిలో దుంపలు కొంటాడా? నడవలేనివాళ్లు ఏం కావాలంటారా, ఆ రెండు కిలోమీటర్లకు ఆ ఊరి ఆటోలనే మెల్లగా తిప్పమనండి. వాళ్లకూ నాలుగు డబ్బులు. కార్లకు బొంగు ఇవతల ఒక ఖాళీ స్థలం చూపించాలి, సెలవు రోజుల్లో బొంగు తీయకుండా ఒక మనిషిని కూర్చోబెట్టాలి. నాకు తోచింది ఇంతే.

చివరగా ఒకటి ఒప్పుకోవాలి. మొన్న మాఘమాసంలో మా మేనల్లుడు కారులో తీసుకువెళ్లాడు. ముందు సీట్లో నేను. ఒక గంప అడ్డం వస్తే, నా నోటితో నేనే "హారన్ కొట్టరా" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ వెనక సీట్లో అక్క వినేసింది. "బండి ఆపు" అంది. దిగింది. సరిగ్గా ఆ డ్రమ్ములు ఉన్నచోటుకు కాస్త అవతల. మేనల్లుడు "అమ్మా, ఎక్కవే, వెనక ఎన్ని కార్లు ఆగాయో చూడు" అని బతిమాలాడు. ఆమె గంప మనిషి పక్కన చేరి, రోడ్డు మధ్యలో, తన మోకాళ్ల వేగంతో నడవడం మొదలుపెట్టింది. నేనూ దిగాను. మా వెనక మేనల్లుడి కారు, దాని వెనక కార్ల వరుస, ఒకటే హారన్లు. అక్క గంప మనిషితో ఈ ఏడు చిలగడదుంపలు పుట్టు లెక్కన ఎంత పలుకుతున్నాయో కనుక్కుంటోంది.