పొడుగు మాటలు, ఉమ్మడి అక్షరాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలామటుకు ఇంగ్లీషు పొడుగు మాటల మీదే వచ్చాయి, అందుకని వాటన్నిటినీ ఒకచోట పెట్టేసా. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికలో చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, మా కాలేజీ క్విజ్‌లో ఐదు ఓవెల్సూ వరసగా వచ్చే ఇంగ్లీషు మాట చెప్పమన్నారు. నేను ఎడ్యుకేషన్ అన్నాను, తప్పని కొట్టేసారు. ఐదూ ఉన్నాయి కదా, తప్పెలగవుతాది? (డిగ్రీ విద్యార్థి, నరసన్నపేట)

జవాబు: ఐదూ ఉన్నాయి బాబూ, వరసే లేదు. ఎడ్యుకేషన్‌లో ముందు ఈ వస్తుంది, తర్వాత యూ, ఆ తర్వాత ఏ, ఐ, ఓ. వాళ్లడిగింది ఏ, ఈ, ఐ, ఓ, యూ అని మనం బడిలో చదువుకున్న వరసలో. దానికి అందరూ చెప్పే జవాబులు రెండు. ఒకటి ఫెసీషియస్, అంటే సీరియస్‌గా మాట్లాడాల్సిన చోట కూడా సమయం సందర్భం చూడకుండా వేళాకోళం ఆడ్డం. రెండోది అబ్‌స్టీమియస్, అంటే తిండి దగ్గరా తాగుడు దగ్గరా మితంగా ఉండే మనిషి, లాటిన్‌లో టెమెటం అంటే మత్తెక్కించేది, దానికి దూరంగా ఉండేవాడని మొదటి అర్థం. కెమిస్ట్రీ చదివినవాళ్లయితే ఆర్సీనియస్ కూడా చెప్తారు, ఆర్సెనిక్‌కి సంబంధించినది అని.

ఇప్పుడు ఆ మూడు మాటలూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి తోకలు చూడు. మూడింటికీ చివర ఐ, ఓ, యూ, ఎస్. అంటే ఐదులో మూడు ఓవెల్స్ ఆ తోకలోనే వరసగా దొరికేస్తున్నాయి, ఇంక దాని ముందు ఒక ఏ, ఆ ఏ వెనకాల ఒక ఈ ఉంటే చాలు. మరి అలాంటివి ఎందుకింత తక్కువ అంటే, ఇదే తోక ఉన్న చాలా మాటల్లో ఈ ముందొచ్చేస్తుంది, ఏ వెనకబడిపోతుంది. టెనేషియస్ చూడు, పట్టిన పట్టు వదలని మనిషి. నెఫేరియస్ అంటే పరమ దుర్మార్గమైనది. గ్రెగేరియస్ అంటే నలుగురూ చుట్టూ ఉంటేనే తోచే మనిషి, మంద అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. ప్రికేరియస్ అంటే ఏ క్షణంలో ఏమవుతుందో తెలీని స్థితి, నాగావళికి వరదొచ్చినప్పుడు గట్టు అంచున ఉన్న ఇంటి పరిస్థితి అన్నమాట. ఈ నాలుగింట్లోనూ ఐదు ఓవెల్సూ ఉన్నాయి, ఒక్కోటి ఒక్కసారే ఉంది, కానీ మొదటి రెండూ తారుమారు. క్విజ్‌లో వీటిలో ఏది చెప్పినా కొట్టేసేవారే, కానీ పరీక్షల్లో మాత్రం ఫెసీషియస్ కన్నా ఈ నాలుగే ఎక్కువ అడుగుతారు, అర్థాలతో సహా పట్టేయ్.

నువ్వు చెప్పిన ఎడ్యుకేషన్‌కి కూడా పెద్ద కుటుంబమే ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. రెగ్యులేషన్, రెప్యుటేషన్, స్పెక్యులేషన్, లెక్కల్లో రోజూ రాసే ఈక్వేషన్, అన్నిట్లోనూ ఓవెల్స్ వరస అచ్చంగా ఒకటే, ఈ, యూ, ఏ, ఐ, ఓ. ఇక్కడ కూడా పని చేస్తున్నది తోకే, ఏషన్ అనే తోకలో ఏ, ఐ, ఓ ఉన్నాయి కాబట్టి ముందు ఈ, యూ తగిలితే సరిపోయింది. ఇంకోసారి క్విజ్‌లో వరస తిరగేసి అడిగితే సబ్‌కాంటినెంటల్ అని చెప్పు, ఉపఖండానికి సంబంధించినది అని, అందులో యూ నుంచి ఏ దాకా అన్నీ వెనక్కి నడుస్తాయి. వరస పట్టింపు లేదంటే కాలీఫ్లవర్, న్యుమోనియా, ఇవన్నీ పనికొస్తాయి.

ప్రశ్న: సార్, 45 అక్షరాల మాట ఒకటి ఉందంట, అది నిజంగా జబ్బు పేరేనా? (టెన్త్ చదువుతున్న అమ్మాయి, టెక్కలి)

జవాబు: ఉందమ్మా. న్యూమోనో అల్ట్రా మైక్రోస్కోపిక్ సిలికో వోల్కేనో కోనియోసిస్, అంతా కలిపి ఒకే మాట. 1935లో అమెరికాలో పజిల్స్ అంటే ఇష్టపడేవాళ్ల సంఘం ఒకటుండేది, దాని ప్రెసిడెంట్ ఎవరెట్ స్మిత్ అనే ఆయన కావాలనే ఇంత పొడుగ్గా కట్టాడు. ముక్కలు చేస్తే న్యూమోనో ఊపిరితిత్తులు, కోని అంటే దుమ్ము, ఓసిస్ అంటే జబ్బు స్థితి, మధ్యలోవి ఆ దుమ్ము ఎంత సన్నందో దేనిదో చెప్పే ముక్కలు. డాక్టర్లు రాసేది సిలికోసిస్ అనే. మాట ఆటకి పుట్టింది గానీ జబ్బు నిజమే, రాతి పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, మళ్లీ మామూలు కావు. మీ వైపు గ్రానైట్ క్వారీలున్నాయి కదా, మీ ఇంట్లో ఎవరైనా రాయి కోసే పనికి వెళ్తుంటే నీళ్లు పోస్తూ కొయ్యమని, దుమ్ము ఆపే మంచి మాస్కు పెట్టుకోమని తప్పకుండా చెప్పు.

ప్రశ్న: ఒక్క అక్షరం కూడా రెండోసారి రాని ఇంగ్లీషు మాటల్లో పొడుగైనది ఏదండీ? పిల్లలతో ఆట ఆడిద్దామని. (ఇంగ్లీషు టీచర్, రాజాం)

జవాబు: మామూలుగా చెప్పేవి రెండు మేడమ్, రెండిట్లోనూ 15 అక్షరాలే. అన్‌కాపీరైటబుల్ అంటే కాపీరైట్ పెట్టడానికి కుదరనిది. డెర్మటోగ్లిఫిక్స్ అంటే చర్మం మీది గీతల శాస్త్రం, ముఖ్యంగా వేళ్లవీ అరిచేతులవీ అరికాళ్లవీ. గ్రీకులో డెర్మా చర్మం, గ్లిఫ్ అంటే చెక్కడం. 1926లో కమిన్స్, మిడ్లో అనే ఇద్దరు ఈ పేరు పెట్టారు, కానీ దానికి చాలా ముందే 1897లో మన కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైపోయింది, పిల్లలకి ఇది కూడా చెప్పండి, వింటారు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లని అడిగితే గీతల విలువ తెలుస్తుంది, జీడి రసానికి వేళ్ల చర్మం కాలిపోయి ఊడిపోతే రేషన్ డిపోలో మిషన్ మీద ముద్ర పడదు. ఇంకో మాట, ఈ డెర్మటోగ్లిఫిక్స్ పేరు చెప్పే కొందరు వేలిముద్రలు చూసి మీ పిల్లాడు డాక్టరవుతాడా ఇంజినీరవుతాడా చెప్తామని తల్లిదండ్రుల దగ్గర డబ్బులు తీసుకుంటున్నారు, దానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు, మీ బడికొస్తే లోపలికి రానివ్వకండి.

ప్రశ్న: మాది ఉద్దానం. నాన్నగారికి కిడ్నీ జబ్బు. రిపోర్టుల్లో అన్నీ ఒకేలాంటి పెద్ద పెద్ద మాటలు, నెఫ్రో అని కొన్ని, హైపర్ అని కొన్ని, హైపో అని కొన్ని. ఎలా గుర్తుపట్టాలి సార్? (పాఠకురాలు, కవిటి)

జవాబు: అమ్మా, ముందు నెఫ్రో సంగతి. నెఫ్రోస్ అంటే గ్రీకులో కిడ్నీ, కాబట్టి ఎన్, ఈ, పి, హెచ్, ఆర్ ఈ ఐదక్షరాలూ పక్కపక్కన కనపడితే చాలామటుకు కిడ్నీ గురించే అనుకోండి, ఆ వెనకాల ఏ తోక ఉందో చూడండి. నెఫ్రాలజిస్ట్ కిడ్నీ డాక్టరు, నెఫ్రైటిస్ కిడ్నీ వాపు, నెఫ్రోపతి కిడ్నీ జబ్బు, నెఫ్రెక్టమీ కిడ్నీ తీసేసే ఆపరేషన్. అన్నిటికన్నా పొడుగ్గా కనపడేది గ్లొమెరులోనెఫ్రైటిస్, ముందు ముక్క కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి రక్తనాళాల ఉండల పేరు, ఆ ఉండల్లో వాపు అని. మీ ప్రాంతపు కేసుల కాగితాల్లో అన్‌నోన్ ఎటియాలజీ అని కూడా ఉంటుంది, కారణం ఇంకా తేలలేదని దాని అర్థం, అంతే గానీ అదింకో కొత్త జబ్బు కాదు, భయపడకండి.

హైపర్, హైపో దగ్గర మాత్రం బాగా నిదానంగా చదవండి. రెండిటికీ మొదటి మూడక్షరాలూ ఒకటే, హెచ్, వై, పి, ఆ తర్వాత ఈ, ఆర్ వస్తే ఎక్కువ, ఓ వస్తే తక్కువ. హైపర్‌టెన్షన్ బీపీ ఎక్కువ, హైపోటెన్షన్ బీపీ తక్కువ. హైపర్‌కలీమియా రక్తంలో పొటాషియం ఎక్కువ, హైపోకలీమియా తక్కువ. కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యని వాళ్లకి పొటాషియం బయటికి పోక పేరుకుపోతుంది, మరీ పెరిగితే గుండె కొట్టుకునే తీరే దెబ్బతింటుంది. మీ ఊళ్లో ఇంటింటికీ కొబ్బరి చెట్లే, నీరసంగా ఉన్నారని చుట్టాలు ప్రేమకొద్దీ బొండాం కొట్టి ఇచ్చేస్తారు, కొబ్బరి నీళ్లలో ఉన్నదే పొటాషియం. కాబట్టి నాన్నగారి రిపోర్టులో హైపర్‌కలీమియా అని ఉందేమో చూసి, బొండాం ఇవ్వొచ్చో లేదో, అరటిపండు మాటేమిటో, ఈసారి వెళ్లినప్పుడు నెఫ్రాలజిస్టుని మీరే అడిగి కాగితం మీద రాయించుకోండి.