అద్దె కారులో మిగిలిపోయే మీ ఫోన్ నంబర్లు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నలనూ పిల్లలనూ తీసుకొని నేలపట్టు, పులికాట్ చూసి, ఆ తర్వాత మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాము. కారు అద్దెకు తీసుకొని నేనే నడుపుతాను. నల్లమలలో సిగ్నల్ పోతే మ్యాప్ ఆగిపోతుందంటున్నారు. విడిగా జీపీఎస్ పరికరం కొనాలా? (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: అవసరం లేదు. మీ ఫోన్ తానున్న చోటును ఉపగ్రహాల సంకేతాలతోనే తెలుసుకుంటుంది; సిగ్నల్ లేనప్పుడు ఆగిపోయేది మ్యాప్ బొమ్మ మాత్రమే. దోర్నాల నుంచి శ్రీశైలం వరకు ఉన్న ప్రాంతాన్ని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకొని, మొబైల్ డేటా ఆపి ఒకసారి పరీక్షించండి. అయితే ఆ ఘాట్ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు అటవీశాఖ వాహనాలను అనుమతించదన్న సంగతిని యాప్ లెక్కలోకి తీసుకుంటుందని నమ్మకండి. అది చూపే ప్రయాణ సమయాన్ని నమ్ముకొని సాయంత్రం ఆలస్యంగా బయలుదేరితే, పెద్దవాళ్లతో, పిల్లలతో చెక్‌పోస్టు దగ్గర తెల్లవారే దాకా కూర్చోవలసి వస్తుంది.

మీరు అడగకపోయినా, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ అద్దె కారు. పాటల కోసమో, ఫోన్ మాట్లాడటానికో బ్లూటూత్ కలపగానే కారు తెర అనుమతి అడుగుతుంది, మనం చదవకుండానే సరే అంటాము. ఆ ఒక్క నొక్కుతో మీ ఫోన్‌లోని పేర్లూ నంబర్లూ కాల్ వివరాలూ, కొన్ని కార్లలో సందేశాలు కూడా, కారు మెమరీలోకి చేరతాయి. తెరలోని మ్యాప్‌లో 'ఇల్లు' అని చిరునామా పెట్టుకుంటే అదీ అక్కడే ఉండిపోతుంది. మీరు తాళం అప్పగించిన మర్నాడు ఆ సీట్లో కూర్చునే అపరిచితుడికి మీ అమ్మగారి నంబరు, మీ ఇంటి దారి రెండూ ఒకేచోట దొరికితే, మీ పేరు చెప్పి ఆమెను డబ్బు అడగడానికి అతనికి ఇంకేమీ అక్కరలేదు. ఫోన్ కలపడాన్ని ఒక్క నొక్కుతో ముగించిన తయారీదారులు, తుడిచివేయడాన్ని మాత్రం నాలుగైదు మెనూల లోపల దాచారు. చేతులు మారడానికే ఉన్న వాహనంలో ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

అందుచేత కారు తెర కాంటాక్టులు అడిగితే నిరాకరించండి; పాటలు అవి లేకుండానే వినిపిస్తాయి. ఛార్జింగ్‌కు తెర పక్కనున్న యూఎస్‌బీ రంధ్రాన్ని వదిలి, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే మీ సొంత ఛార్జర్‌నే వాడండి. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీది గూడబాతులను పిల్లలకు చూపించేటప్పుడు కారులోని పాటలను ఆపేయండి, అది గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచే కాలం. కారు తిరిగి ఇచ్చే రోజున పావుగంట ముందే చేరుకొని, బ్లూటూత్ జాబితాలో మీ ఫోన్ పేరును, మ్యాప్‌లోని చిరునామాలను తొలగించి, సెట్టింగులలో ఫ్యాక్టరీ రీసెట్ (తెర మెమరీని పూర్తిగా తుడిచివేయడం) చేయండి. దానికి పిన్ అడిగితే యజమానిని పిలిచి, ఆ పని మీ కళ్లెదుటే చేయించిన తర్వాతే తాళం ఇవ్వండి.